నవ్వు జారిన ముఖం

రాయగడలో గురువులు అనే అతను బొమ్మలు వేసి బతికేవాడు. కొట్లకు బోర్డులు రాసేవాడు, నాటకాల వాళ్ళకు తెరలు వేసేవాడు. కానీ అతని పేరు పాకింది మాత్రం పోయినవాళ్ళ బొమ్మల వల్ల. ఆ రోజుల్లో ఫోటో తీయించుకున్నవాళ్ళు వీధికొకరు కూడా ఉండేవారు కాదు. ఇంట్లో పెద్దదిక్కు పోయి, దినాలు అయిపోయాక, 'మా అయ్య బొమ్మ కావాలి' అంటూ కొడుకులు వచ్చేవారు. పోయిన మనిషిని గురువులు ఎన్నడూ చూసి ఉండడు. వచ్చినవాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవాడు.

"ముక్కు సంగతి తర్వాత సెబుదురు గానీ, అన్నం కాడ కూకుంటే ఏటనేవోడు? కోపమొస్తే గట్టిగా అరిసేవోడా, మాటాడ్డం మానీసేవోడా?"

వాళ్ళు చెబుతూ ఉండగా పక్కన చిన్నకూతురు కస్తూరి బొగ్గుతో గీసేది. భార్య పోయాక ఇద్దరాడపిల్లలనూ తనే పెంచాడు గురువులు. పెద్దది నీలవేణికి ఇల్లే లోకం. చిన్నదానికి కుంచె అబ్బింది. పదహారేళ్ళు వచ్చేసరికి కస్తూరి గీసిన ముఖం చూసి, 'మా అయ్యే, మా అయ్యే' అని ఏడ్చిన కొడుకులు ఉన్నారు.

1950లో, వానలు తగ్గిన కార్తీకంలో, రామమూర్తి అనే అతను వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. బొబ్బిలి దగ్గర ఊరన్నాడు. అడవిలో చెట్లు కొట్టే కూపుల్లో కలప లెక్క చూసే ఉద్యోగమన్నాడు. పోయిన తల్లి బొమ్మ కావాలన్నాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చునే తీరు, కొడుకు ఆలస్యంగా వస్తే గడప దగ్గరే తలుపుకు తల ఆనించి కునుకు తీసే తీరు చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. గురువులు కరిగిపోయాడు.

"తల్లిని గురించి ఇలాగ సెప్పినోడు సెడ్డోడు ఎలాగవుతాడమ్మీ?" అన్నాడు కూతుళ్ళతో.

అతని నవ్వు అందరికీ నచ్చింది. వీధిలోకి వస్తే ముసలివాళ్ళను పేరుపెట్టి పలకరించేవాడు. రెండు నెలలు తిరక్కుండానే నీలవేణిని ఇమ్మని అడిగాడు. నాకెవరూ లేరు, మీ ఇంట్లోనే ఉంటానన్నాడు. మాఘంలో పెళ్ళి చేశారు. ఆరు నెలలు ఆ ఇంట్లో అల్లుడుగా ఉన్నాడు. కస్తూరి వండిపెట్టింది తిన్నాడు, ఆమె ఉతికిన బట్ట కట్టాడు.

శ్రావణంలో, నీలవేణికి అయిదో నెల వచ్చాక, మా ఊరి దేవతకు చూపించి తీసుకొస్తానని బండెక్కించాడు. పార్వతీపురం స్టేషన్లో దింపి బెంచీ మీద కూర్చోబెట్టాడు. బండి మాట్లాడుకుని వస్తానని వెళ్ళాడు. ఆ పొద్దంతా ఆమె అక్కడే కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. రైల్వే గ్యాంగు మేస్త్రీ భార్య గంజి పోసి, తన ఇంట్లో పడుకోబెట్టి, మూడో రోజు రాయగడ బండెక్కించింది.

గురువులు బొబ్బిలి వెళ్ళి, అతను చెప్పిన ఊరు వెతికాడు. ఊరుంది. ఆ ఇంటిపేరు వాళ్ళు లేరు. ఆ మనిషిని చూసినవాళ్ళు లేరు. అడవి ఆఫీసులో అలాంటి ఉద్యోగే లేడన్నారు. పోలీసులు ఫోటో అడిగారు. పోయిన ప్రతివాడికీ బొమ్మ వేసిన ఆ ఇంట్లో, ఆర్నెల్లు తిరిగిన అల్లుడి బొమ్మ ఒక్కటి లేదు. వద్దనేవాడు. బతికుండగా బొమ్మ వేయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని నవ్వేవాడు.

నీలవేణికి ఏడో నెలలో చచ్చిన బిడ్డ పుట్టాడు.

ఆ తర్వాత ఆమె బతికే ఉంది గానీ మాట తగ్గిపోయింది. గురువులు పోయినవాళ్ళ బొమ్మలు వేయడం మానేశాడు. "మనిసిని సదవడం నాకొచ్చనుకున్నాను. నా గడపలో కూకున్నోడినే సదవలేకపోనాను" అని కుంచెలు కస్తూరి ముందు పెట్టి, తను బోర్డులు రాసుకున్నాడు.

కస్తూరికి మాత్రం ఏడుపు రాలేదు. బిడ్డను పూడ్చిపెట్టి తండ్రి ఇంటికొచ్చిన ఆ పూటే, కోరాగుడ్డకు సుద్దా జిగురూ పూసి ఎండలో ఆరబెట్టింది. వాడి ముఖం వేస్తుంది. వేసి ఊరూరా చూపిస్తుంది. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు, 'వీడు ఫలానా' అంటారు. ఆ తర్వాత ఏం చేస్తుందో ఆమెకు తెలియదు. ఏదో ఒకటి చేస్తుందని మాత్రం తెలుసు.

తీరా వేయబోతే ముఖం రాలేదు. ముక్కూ కళ్ళూ వచ్చాయి. చక్కటి నవ్వు వచ్చింది. వీధిలో వాళ్ళకు చూపిస్తే, "అవును, అతనే" అన్నారు కొందరు. "కాదు, మా తోడల్లుడిలాగున్నాడు" అన్నారు ఇంకొందరు. ఆ నవ్వు వేసుకుని సంతలో వందమంది తిరుగుతారు. కస్తూరి ఆ గుడ్డ మీద మళ్ళీ సుద్ద పూసేసింది. అలా ఏడాదిలో నాలుగుసార్లు పూసింది.

అక్కను అడిగితే ముఖం తిప్పుకునేది. ఒకరోజు పెరట్లో బియ్యం ఏరుతూ, ఎవరూ అడక్కుండానే, నీలవేణి నోరు విప్పింది.

"నువ్వేసిన మొకం ఆడిది కాదమ్మీ."

కస్తూరి చేతిలోని చేట కింద పెట్టింది. "మరేటప్పా?"

"అది మనకి సూపించిన మొకం. అసలుది నానొక్కపాలే సూసేను. టేసన్లో నన్ను కూకోబెట్టి ఎల్లేడు కదా. టీ కొట్టు కాడ ఆగి ఎనక్కి తిరిగేడు. నాను మూట సర్దుకుంటన్నాననుకున్నాడు. కొంగు సందులోంచి నాను సూస్తనే ఉన్నాను."

"ఎలాగున్నాడు? బయపడ్డాడా?"

"బయమూ లేదు, జాలీ లేదు. నవ్వు మొత్తం జారిపోనాది. సంతలో ఎద్దు పళ్ళు సూసి, ఒద్దనుకున్నోడు మరింక దాని కేసి సూడడు సూడు... అలాగ. అలాగని కోపమూ లేదు. నాను మనిసినని ఆడికి తోచనేదు."

అంతసేపు ఆమె మాట్లాడడం చూసి ఏడాది దాటింది. కస్తూరి లేచి బొగ్గు తెచ్చింది.

పది రోజులు పట్టింది. కస్తూరి గీసేది, నీలవేణి పక్కన కూర్చుని దిద్దించేది. "కన్ను అంత తెరవకు. నిద్దరోడి కన్నూ కాదు. సగం." "పెదిమ ఎడమేపు లోనికి నొక్కుకుంటాడు, పన్నుతో పట్టినట్టు." "నుదురు ముడి తీసీ. ఆడికి ముడి పడదు." పదో రోజున కస్తూరి కంటికింద ఒక నీడ పెట్టి కుంచె తీసింది. నీలవేణి బొమ్మకేసి చూసి, లేచి గోడవైపు జరిగి, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. ఇక అడగక్కర్లేదని కస్తూరికి తెలిసిపోయింది.

అక్కడినుంచి సంతలు మొదలయ్యాయి. గురువులూ కస్తూరీ వారానికి ఒకచోటికి వెళ్ళేవారు. బంధుగాం, నందపూర్, ఆ చుట్టుపక్కల చిన్న సంతలు. బస్సు ఉన్నచోటికి బస్సు, లేనిచోట ఉప్పుబస్తాల బండి. పటాల వరసలో దేవుళ్ళ బొమ్మలు, పెద్దమనుషుల బొమ్మలు కట్టేవారు. చివరగా వాడి బొమ్మ. ఎవరిదని అడిగితే, "తెలిసినోలే సెప్పాల" అనేది కస్తూరి.

జనం ఆగేవారు. ఒక ముసలమ్మ చూసి, మా ఊరి శిస్తులు వసూలు చేసే ఆయన అంటూ ఉమ్మేసి వెళ్ళింది. ఒకతను తన మేనమామ అన్నాడు. ఒక్కొక్కరిని వెంటబడి అడిగి, వాళ్ళు చెప్పిన మనిషిని దూరం నుంచి చూసి, కాదని తేలాక కస్తూరి తిరిగొచ్చేది. దాదాపు నాలుగేళ్ళు అలా గడిచాయి. రెండు సంబంధాలు వస్తే వద్దంది. గురువులు ఒకసారి నందపూర్ దారిలో బండి మీద అన్నాడు.

"అమ్మీ, ఆడి మొకం ఏసి ఏసి నీ మొకం గట్టిపడిపోతంది."

"పడనీ అయ్యా."

ఆ నందపూర్ సంతలోనే, 1956 ఫాల్గుణంలో, ఒకామె ఆగింది. పట్టుచీర, చెవులకు రాళ్ళ దుద్దులు. బేరానికి వచ్చినామె కాదు, కొరాపుట్ నుంచి చుట్టాలింటికి వచ్చి సంత చూడ్డానికి వచ్చినామె. బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. ఎండకు మెరిసే ముఖం పాలిపోయింది.

"ఈ ముఖం నువ్వెక్కడ చూశావమ్మీ?"

"మీరు సూసేరా అమ్మా?"

"ఇది నాకొక్కదానికే తెలుసనుకున్నాను" అంది ఆమె. "పదకొండేళ్ళ నుంచీ."

ఆమె పేరు కమలాంబ. కొరాపుట్‌లో నూనె, బియ్యం టోకుగా అమ్మే అప్పలనరసింహం భార్య. ఇద్దరు పిల్లలు. ఊళ్ళో అందరికీ ఆయన నవ్వు తెలుసు. వర్తకుల సంఘంలో పెద్ద. ఏటా సరుకు కోసమని నాలుగు నెలలు, ఆర్నెల్లు ఊళ్ళు పట్టుకుపోతాడు. కస్తూరి అక్క సంగతి చెబుతూ ఉంటే కమలాంబ బొమ్మ మీంచి కళ్ళు తీయలేదు.

"మీ అక్క ఒక్కతే అయుండదు" అంది చివరికి. "మా బండి తోలేవాడు నోరు జారాడు. ఇప్పుడు గుణుపూర్ దగ్గర అసిరయ్య అనే రైతింటికి తిరుగుతున్నాడట. ఆ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉందట. వెళ్ళు. వాణ్ణి ఏం చేస్తావో చెయ్యి. ఒక్కటే అడుగుతాను. కొరాపుట్‌లో మాత్రం ఈ బొమ్మ కట్టకు. అది నా పిల్లలు పెరిగే ఊరు."

"కట్టనమ్మా" అంది కస్తూరి.

మూడో రోజుకి తండ్రీ కూతుళ్ళు అసిరయ్య ఇంట్లో ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వలసవచ్చి అడవి కొట్టి పొలం చేసుకున్న కుటుంబం. అసిరయ్య ఒక్కగానొక్క కూతురు బుల్లి. సంగతి విని ఆయన ఉలిక్కిపడ్డాడు. బొమ్మ విప్పి చూపిస్తే మాత్రం పెద్దగా నవ్వాడు.

"ఓలమ్మో, బయపెట్టీసేవు కదమ్మీ! మా గణపతిరావు బాబు మొకం పాలనాగుంటాది. సర్వే ఆపీసులో ఉద్యోగం. ఈ పాపిస్టి మొకం ఎవులిదో గానీ ఆయనది కాదు."

బుల్లి కూడా తలుపు చాటు నుంచి చూసి కాదంది. వీధిలో వాళ్ళూ కాదన్నారు. గురువులు బొమ్మ చుట్టబోయాడు. కస్తూరికి విషయం అర్థమైంది. నాలుగేళ్ళు మోసిన బొమ్మ, దెబ్బ తిన్నవాళ్ళకు తప్ప ఎవరికీ పనికిరాదు. తినబోయేవాళ్ళకు అది కనబడదు.

గొంతు మెత్తగా చేసుకుని అంది. "నానే పొరబడ్డాను బాబూ. మీ ఇంటికొచ్చి అపశకునం మాటాడేను. తప్పుకి పెళ్ళికొడుకు బొమ్మ ఊరికే ఏసిస్తాను. ఎప్పుడొస్తాడు?"

"అయితారం పసుపుకుంకాలు పెట్టి మాట కాయం సేసుకుంటన్నాం. రా మరి" అన్నాడు అసిరయ్య మంచి మనసుతో.

గురువులును అక్కడే ఒక తెలిసినవాళ్ళింట్లో ఉంచి, కస్తూరి రాయగడ వెళ్ళి అక్కను బయల్దేరమంది. నీలవేణి రానంది. "ఆడిని సూసి నానేటి సెయ్యాల?"

"ఏటీ సెయ్యొద్దు. ఒక్క మాటా ఆడొద్దు. నా ఎనకాల కూకో. అంతే."

నీలవేణి రోజంతా ఆలోచించి, సాయంత్రం చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఆదివారం పొద్దున్నే అసిరయ్య వాకిట్లో పందిరి వేశారు. తాటాకు చాపలు పరిచారు. ఊరి రైతులు నలభైమంది ఉంటారు. జరీ కండువాతో గణపతిరావు వచ్చాడు. అయిదేళ్ళలో కొంచెం లావెక్కాడు. అదే నవ్వు. వస్తూనే ముసలివాళ్ళను పేరుపెట్టి పలకరించాడు. గురువులు కనబడకుండా పక్కింట్లో కూర్చున్నాడు. నీలవేణి లోపల ఆడవాళ్ళ మధ్య ఉంది.

కస్తూరి మాత్రం ఎదురుగా వెళ్ళి నిలబడింది. వాడు ఆమెకేసి చూసి, "నువ్వేనా బొమ్మలేసే పిల్లవి? బాగా వెయ్యాలి సుమా" అని నవ్వాడు. గుర్తుపట్టలేదు. ఆరు నెలలు ఆమె చేతి కూడు తిన్నాడు. ఒక్కసారైనా ముఖం చూసి ఉండడు. కస్తూరి బొగ్గు తీసింది.

"బొమ్మలొద్దు నాకు, ఆయుష్షు తగ్గుతుంది" అని తప్పించుకోబోయాడు గానీ, అసిరయ్య చుట్టాలు బలవంతం చేసి పీట మీద కూర్చోబెట్టారు. కస్తూరి పక్కనే ఒక పటం గుడ్డ కప్పి గుంజకు ఆనించి ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

"కదలొద్దు బాబూ. ఆ నవ్వు అలాగే ఉంచండి" అంది.

మనిషి నవ్వు ఎంతసేపు నిలుస్తుందో కస్తూరికి తెలుసు. కూర్చున్న ప్రతివాడికీ పావుగంటలో చెంపలు నొప్పెడతాయి. అరగంటకు నవ్వు పెదాల మీద మాత్రమే మిగులుతుంది. ఆమె నిదానంగా గీసింది. చెరిపి మళ్ళీ గీసింది. వాడు రెండుసార్లు లేవబోతే, "ఒక్క నిముసం, కళ్ళవలేదు" అంది. జనం చుట్టూ మూగి చూస్తున్నారు. వాడు నవ్వక తప్పలేదు.

అప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి సైగ చేసింది. నీలవేణి లోపలినుంచి వచ్చి, చెల్లెలి వెనక చాప మీద కూర్చుంది. కొంగు తీసి తిన్నగా వాడికేసి చూసింది.

వాడు అరవలేదు, ఉలిక్కిపడలేదు. నవ్వు మాత్రం జారిపోయింది. కళ్ళు సగానికి వాలాయి. ఎడమవైపు పెదవి లోపలికి వెళ్ళింది. ఆమెను ఒకసారి చూసి, అవసరం లేని వస్తువు మీంచి తిప్పుకున్నట్టు చూపు తిప్పుకున్నాడు.

కస్తూరి గుంజకున్న పటం మీది గుడ్డ లాగింది. ఇన్నేళ్ళూ సంతలకు మోసిన బొమ్మే అది.

పందిట్లో తలలన్నీ పటానికీ వాడికీ మధ్య తిరిగాయి. మొదట నోరు తెరిచింది బుల్లి. పెళ్ళికూతురు ముస్తాబులోనే గుమ్మం దాటి వచ్చి, వేలు చూపించి అంది. "అయ్యా, ఆ బొమ్మ ఈయనదే."

"ఎవరో వీళ్ళు! ఈ మనిషిని నేనెన్నడూ చూడలేదు" అంటూ వాడు మళ్ళీ నవ్వబోయాడు. రాలేదు.

"నిన్నెన్నడూ సూడకుండానే నీ మొకం ఈ అమ్మి ముందే ఎలాగేసింది?" అన్నాడు అసిరయ్య. పక్కింట్లోంచి గురువులు వచ్చి, "అల్లుడా, బాగున్నావా?" అన్నాడు. రైతుల్లో ఒకడు వాడి చెంప మీద కొట్టాడు. ఇంకొకడు కర్ర తీశాడు.

కస్తూరి లేచి అడ్డం నిలబడింది. "కొట్టొద్దు."

జాలి పడిందనుకున్నారు. ఆమె మాట పూర్తి చేసింది. "కొడితే మొకం వాసిపోద్ది. నా పనవ్వలేదు. ఆడిని అలాగే కూకోబెట్టండి."

ఇద్దరు భుజాలు పట్టుకుని పీట మీద నొక్కి ఉంచారు. కస్తూరి కొత్త గుడ్డ తీసింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా వేసింది. ఊరంతా వరసగా వచ్చి చూసి పోయింది. ముసలివాళ్ళు, గోచీ పిల్లలు, పొరుగూరి దేశియా కొండజాతి ఆడవాళ్ళు. ప్రతి ఒక్కరూ ముందు వాడిని, తర్వాత గుడ్డను చూశారు. ఎవరూ తిట్టలేదు. దాచుకోవడానికి వాడి దగ్గర ఏ ముఖమూ మిగల్లేదు. కళ్ళు మూసుకుంటే, "తెరువు" అంది కస్తూరి. వాడు తెరిచాడు. అయిదేళ్ళలో ఆమె అంత హాయిగా కుంచె పట్టిన రోజు లేదు.

అయిపోయాక వాడి కండువా, చెప్పులు తీయించి ఊరి పొలిమేర దాటించారు.

ఆ నెలంతా కస్తూరి ఆ ముఖాన్నే వేసింది. ప్రతి బొమ్మ కిందా రామమూర్తి, గణపతిరావు, అప్పలనరసింహం అని మూడు పేర్లూ రాసింది. గుణుపూర్‌లో కట్టింది, బంధుగాంలో కట్టింది, నందపూర్‌లో కట్టింది. ఇంకొకటి మిగిలింది. కమలాంబకు ఇచ్చిన మాట గుర్తుంది. గురువులు గుర్తు కూడా చేశాడు. కానీ వాడు పెద్దమనిషిగా తిరిగిన ఊరు కొరాపుట్ ఒక్కటే. ఆ ఊళ్ళో వాడి నవ్వు అలాగే ఉండిపోతుందన్న తలపు ఆమెను నిలవనివ్వలేదు. బస్సెక్కి వెళ్ళి, సంతకు వెళ్ళే దారిలో చింతచెట్టుకు కట్టి వచ్చింది.

రెండు నెలలకు కమలాంబ రాయగడ వచ్చింది. చెవులకు దుద్దులు లేవు. అరుగెక్కలేదు, కింద నిలబడే మాట్లాడింది.

"ఆయన వెళ్ళిపోయాడమ్మీ. బొమ్మ చూసిన మర్నాడే. ఎక్కడికో తెలీదు. ఆయన పోయాడు గానీ బొమ్మ మా మీద ఉండిపోయింది. కొట్టు తీస్తే ఎవరూ రారు. మా పిల్ల బడికి వెళ్ళనంటోంది."

కస్తూరి అరుగు దిగింది.

"నేను నీకు దారి చూపించాను. ఒక్కటే అడిగాను" అంది కమలాంబ. వెనుదిరిగి వెళ్ళిపోయింది.

రెండు రోజులు కస్తూరి అన్నం సరిగా తినలేదు. మూడో రోజు కొరాపుట్ వెళ్ళింది. చింతచెట్టుకున్న బొమ్మ వానకు వెలిసినా ముఖం చెదరలేదు. విప్పి, చింపి, కమలాంబ ఇంటికి పట్టుకెళ్ళింది. తలుపు తీసింది తొమ్మిదేళ్ళ పిల్ల. కొత్త మనిషిని చూసి సిగ్గుపడి, తల వాల్చి, ఎడమవైపు పెదవి లోపలికి నొక్కుకుంది.

కస్తూరి గుర్తుపట్టింది. అదే పెదవి. అందులో ఏ పాపమూ లేదు. ఉత్త సిగ్గు. ఆ ఊళ్ళో జనం ఈ పిల్లను చూసి ఏం చూస్తున్నారో అప్పుడు తెలిసింది. చింపిన గుడ్డలు గుమ్మంలో పెట్టి, లోపల్నించి కమలాంబ వచ్చేదాకా నిలబడింది. కమలాంబ గుడ్డలు చూసింది, ఆమెను చూసింది. లోపలికి రమ్మనలేదు. చెంబుతో నీళ్ళు మాత్రం ఇచ్చింది. కస్తూరి తాగింది.

తర్వాత నెలకొకసారి కస్తూరి కొరాపుట్ వెళ్ళేది. కమలాంబ కొట్టుకు బోర్డు మార్చి ఆమె పేరుతో రాసింది. ఊళ్ళో కనబడినవాళ్ళందరితో, తప్పు ఆ ఇంటిది కాదని వాదించేది. కొట్టు తెరిపిన పడడానికి మూడేళ్ళు పట్టింది. కమలాంబ ఆమెను అరుగు మీద కూర్చోమంది గానీ, మొదటిరోజు నందపూర్‌లో మాట్లాడినట్టు మళ్ళీ మాట్లాడలేదు.

నీలవేణి ఇంట్లో మామూలుగా తిరగసాగింది. బుల్లి పెళ్ళికి గుణుపూర్ వెళ్ళి పదిరోజులు ఉండి వచ్చింది. చెల్లెల్ని ఒక్కసారే అడిగింది. "మిగతా ఊళ్ళల్లోవి కూడా తీసీరాదా?"

"తియ్యనప్పా" అంది కస్తూరి.

తీయలేదు. బంధుగాంలోది, నందపూర్‌లోది ఎండకూ వానకూ పోయేదాకా ఉన్నాయి. గుణుపూర్‌లోది అసిరయ్య తన పశువులశాల గోడకు కొట్టుకున్నాడు. 1961లో రాయపూర్ వైపు ఏదో స్టేషన్లో అలాంటి మనిషి కనబడ్డాడని లారీ డ్రైవర్ ఒకడు చెప్పాడు. గడ్డం పెంచాడట, ఎవరితోనూ మాట్లాడడట. కస్తూరి చేతిలో పని ఆపి చివరిదాకా వింది. వాడు నవ్వుతున్నాడా అని ఒక్క ప్రశ్న అడిగింది. లేదన్నాడు డ్రైవర్. ఆమె మళ్ళీ పనిలో పడింది. వాణ్ణి క్షమించానని మాత్రం ఆమె ఎవరితోనూ, ఎన్నడూ అనలేదు.